మిర్రర్‌లెస్‌కు చిన్న వైడ్ జూమ్ లెన్స్: ఏం తగ్గించి చిన్నది చేశారో చూసి కొనండి

వైడ్ జూమ్ లెన్స్ చేతిలో ఇమిడిపోతోందంటే దాన్ని తయారుచేసినవాళ్లు ఎక్కడో ఏదో తగ్గించారనే అర్థం. అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) తగ్గించి ఉండవచ్చు, జూమ్ రేంజ్ కుదించి ఉండవచ్చు, అద్దాలతో సరిచేయాల్సిన వంపులను సాఫ్ట్‌వేర్‌కు వదిలేసి ఉండవచ్చు. కొన్నింటిలో వాడనప్పుడు బ్యారెల్ లోపలికి ముడుచుకుంటుంది. వీటిలో ఏదీ తప్పు కాదు. మీరు తీసే ఫొటోలకు ఏ లోటు అడ్డురాదో తేల్చుకుంటే చాలు, ఎంపిక సగం అయిపోయినట్టే.

ముందు వెడల్పు కొలవండి

లెన్స్ పేరులో మొదటి అంకె, అంటే మిల్లీమీటర్లలో దాని అత్యంత వైడ్ ఫోకల్ లెంగ్త్, అన్నింటికన్నా ముఖ్యం. అది తగ్గేకొద్దీ ఫ్రేమ్ వెడల్పవుతుంది. ఫుల్‌ఫ్రేమ్ (36ఎంఎం వెడల్పు సెన్సర్ ఉన్న) కెమెరాను అడ్డంగా పట్టుకున్నప్పుడు ఎంత వెడల్పు ఫ్రేమ్‌లో పడుతుందో తేలిగ్గా లెక్కకట్టవచ్చు: దూరాన్ని 36తో గుణించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. 3 మీటర్ల దూరంలో ఉన్న గోడ 24ఎంఎంలో 4.5 మీటర్లు పడుతుంది. 20ఎంఎంలో 5.4, 16ఎంఎంలో 6.75, 14ఎంఎంలో 7.7 మీటర్లు. 16 నుంచి 14కు వెళితే తేడా రెండు మిల్లీమీటర్లే, కానీ దాదాపు మీటరు గోడ అదనంగా వస్తుంది. అదే 33కీ 35కీ మధ్య తేడా రెండడుగులు ముందుకో వెనక్కో వేస్తే సరిపోతుంది. అందుకే వైడ్ వైపు ఒక్కో మిల్లీమీటరు గురించీ ఆలోచించాలి, రెండో చివర గురించి అంతగా పట్టించుకోనక్కర్లేదు.

ఇప్పుడున్న కిట్ లెన్స్‌తోనే మీ అవసరం తేల్చుకోవచ్చు. ఫ్రేమ్ చాలలేదని అనిపించిన చోటికి మళ్లీ వెళ్లి, అత్యంత వైడ్‌లో పెట్టి చూడండి. ఇప్పుడు పడుతున్న దానికి ఎన్ని రెట్ల వెడల్పు కావాలో అంచనా వేసి, ఆ అంకెతో ఫోకల్ లెంగ్త్‌ను భాగించండి. 24ఎంఎంలో ఒకటిన్నర రెట్లు కావాలంటే 16ఎంఎం. నాలుగోవంతు ఎక్కువైతే చాలంటే 19 లేదా 20ఎంఎం సరిపోతుంది, 14 కోసం బరువు మోయక్కర్లేదు.

సెన్సర్ చిన్నదైతే అంకెలను మార్చుకోవాలి. ఏపీఎస్-సి అయితే 1.5తో, కెనాన్ ఏపీఎస్-సి అయితే 1.6తో, మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే 2తో గుణించాలి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఏపీఎస్-సి బాడీకి పేరున్న ఫుల్‌ఫ్రేమ్ 16-35 కొంటే అది 24-52లా పనిచేస్తుంది, అంటే కిట్ లెన్స్ కన్నా వైడ్ ఏమీ రాదు. ఆ బాడీకి 10 దగ్గర మొదలయ్యే లెన్స్ కావాలి.

గదులు తీసేవారికి ఫుల్‌ఫ్రేమ్ లెక్కన 14 నుంచి 16 ఉండాలి. కట్టడాలకు అనుకున్నదానికన్నా ఇంకాస్త వైడ్ తీసుకోవడం మంచిది. కెమెరాను పైకి ఎత్తితే గోడలు లోపలికి వాలినట్టు వస్తాయి. వాటిని నిటారుగా ఉంచాలంటే కెమెరాను సమంగా పట్టుకుని, తర్వాత కింద వచ్చిన ఖాళీ నేలను కత్తిరించాలి. ఎత్తి తీసి సాఫ్ట్‌వేర్‌లో నిలబెట్టినా అంచులు పోతాయి. ఎలా చేసినా ఫ్రేమ్‌లో కొంత వృథా తప్పదు.

కొండలు, మైదానాల ఫొటోలకు మాత్రం 16-24 చాలు. అంతకన్నా వైడ్ అయితే దూరపు కొండ పుట్టలా చిన్నదైపోతుంది, ముందుభాగంలో చూపించడానికి ఏదీ లేకపోతే ఫొటో అంతా ఖాళీగా కనిపిస్తుంది. బృందాల ఫొటోల్లో 24 కన్నా వైడ్‌కు వెళితే అంచున నిలబడ్డవారి ముఖాలు పక్కకు సాగుతాయి. అది లెన్స్ లోపం కాదు, సరళరేఖలను సరళంగా చూపించే ఏ వైడ్ లెన్స్‌లోనైనా అంతే. చేయి చాచి తమను తాము వీడియో తీసుకునేవారు స్టెబిలైజేషన్ సంగతి మరవకూడదు. కెమెరాలోని ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ ఫ్రేమ్ అంచులను కత్తిరిస్తుంది. ఆ కోత 1.2 రెట్లయితే 20ఎంఎం కాస్తా 24 అవుతుంది, ముఖం తప్ప వెనకేమీ మిగలదు. 16తో మొదలుపెడితే కోత పోగా 19 మిగులుతుంది.

అపర్చర్‌కు ఎంత బరువు ఇవ్వాలి

ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ అపర్చర్ పెద్దదై వెలుతురు ఎక్కువ వస్తుంది. చిన్న లెన్స్‌లో ఎఫ్/2.8 కావాలంటే జూమ్ రేంజ్ తగ్గుతుంది. సోనీ ఈ-మౌంట్ (మౌంట్ అంటే లెన్స్ బాడీకి బిగిసే చోటు) ఫుల్‌ఫ్రేమ్ లెన్స్‌లలో ఈ బేరం స్పష్టంగా కనిపిస్తుంది. పవర్ జూమ్ (మోటారుతో నడిచే జూమ్) ఉన్న 16-35 ఎఫ్/4 జీ బరువు 353 గ్రాములు, 16-25 ఎఫ్/2.8 జీ బరువు 409 గ్రాములు. రెండూ తేలికే. ఒకటి వెలుతురు ఇస్తుంది, ఇంకొకటి రేంజ్ ఇస్తుంది. టామ్రాన్ 17-28 ఎఫ్/2.8 (420 గ్రాములు), సిగ్మా 16-28 ఎఫ్/2.8 (450 గ్రాములు) కూడా రేంజ్ తగ్గించి చిన్నవైనవే.

ట్రైపాడ్ మీద ఎఫ్/8లో తీసేవారికి ఎఫ్/2.8 వల్ల దాదాపు ఏమీ కలిసిరాదు. ఫుల్‌ఫ్రేమ్‌లో 16ఎంఎం, ఎఫ్/8 పెట్టి సుమారు 1.1 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే అర మీటరు పైచిలుకు నుంచి అనంతం వరకు చాలినంత స్పష్టంగా వస్తుంది. అలాంటివారు ఎఫ్/4 తీసుకుని, మిగిలింది మంచి ట్రైపాడ్ మీద పెట్టడమే మేలు. నక్షత్రాలు తీసేవారి సంగతి వేరు. 16ఎంఎంలో దాదాపు 20 సెకన్లు దాటితే నక్షత్రాలు గీతలవడం మొదలవుతుంది కాబట్టి షట్టర్‌ను ఇంకా పెంచలేరు. ఎఫ్/2.8తో ఐఎస్ఓ (వెలుతురును పెంచి చూపే సెట్టింగ్, పెంచేకొద్దీ నాయిస్ అనే గరుకు మచ్చలు ఎక్కువవుతాయి) 3200లో వచ్చే ఫొటోకు ఎఫ్/4తో 6400 కావాలి. మసక వెలుతురులో కదిలే మనుషులను తీసేటప్పుడూ ఇంతే. లెన్స్‌లోనో బాడీలోనో ఉండే స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికను ఆపదు.

కెనాన్ ఆర్‌ఎఫ్ 15-30 లాంటి ఎఫ్/4.5-6.3 లెన్స్‌లు పగటి ప్రయాణాలకు బాగుంటాయి. దాని బరువు 390 గ్రాములు, అదే మౌంట్‌లోని 14-35 ఎఫ్/4 ఎల్ 540 గ్రాములు. అయితే ఇలా అపర్చర్ మారే లెన్స్‌తో వీడియో మధ్యలో జూమ్ చేస్తే వెలుతురు కళ్లముందే పడిపోతుంది. మీ పనిలో ఎక్కువ భాగం వీడియో అయితే స్థిరమైన అపర్చర్ ఉన్నదాన్నే చూడండి.

చిన్న సెన్సర్ల వైపు ఇంకా తేలికైనవి దొరుకుతాయి. సోనీ ఏపీఎస్-సికి 10-20 ఎఫ్/4 జీ 178 గ్రాములు, కెనాన్ ఆర్‌ఎఫ్-ఎస్ 10-18 150 గ్రాములు, నికాన్ డీఎక్స్ 12-28 పవర్ జూమ్ 205 గ్రాములు, మైక్రో ఫోర్ థర్డ్స్‌కు ఒలింపస్ 9-18 155 గ్రాములు. నికాన్ 12-28 ఫుల్‌ఫ్రేమ్ లెక్కన 18 దగ్గర మొదలవుతుంది. ఇరుకు గదులకు అది చాలదు, వీడియోకు హాయిగా సరిపోతుంది. ఏపీఎస్-సిలో ఎఫ్/2.8 కావాలంటే సిగ్మా 10-18 డీసీ డీఎన్ 260 గ్రాముల దగ్గరే ఉంటుంది. వెలుతురు, వెడల్పు, బరువు మూడూ ఇంత సమంగా కుదిరిన లెన్స్‌లు అరుదు.

సాఫ్ట్‌వేర్ దిద్దుబాటు, ముడుచుకునే బ్యారెల్, ఫిల్టర్

వైడ్ చివర సరళరేఖలు విల్లులా వంగడాన్నీ, మూలలు నల్లబడటాన్నీ నేటి చిన్న లెన్స్‌లు చాలావరకు ప్రొఫైల్‌తో (ఆ లెన్స్ లోపాలను సాఫ్ట్‌వేర్‌లో దిద్దే డేటాతో) సరిచేస్తాయి. జేపెగ్‌లో అది మీకు కనిపించదు. రా ఫైల్‌ను (కెమెరా దిద్దకుండా దాచిన ఫైల్‌ను) ప్రొఫైల్ లేకుండా తెరిస్తే మూలల్లో నలుపు బయటపడుతుంది. దిద్దేటప్పుడు మూలలను బయటికి లాగుతారు, వెలుతురు పెంచుతారు. దాంతో అక్కడ స్పష్టత తగ్గి నాయిస్ పెరుగుతుంది. పగటి దృశ్యాల్లో ఇది గమనించడం కష్టం. నక్షత్రాలు, పెద్ద ప్రింట్లు మీ పనైతే మూల దిద్దిన తర్వాత ఎలా ఉందో చూసి నిర్ణయించండి. దిద్దకముందు ఎంత వంగిందన్నది పట్టించుకోనక్కర్లేదు. మీరు వాడే సాఫ్ట్‌వేర్ ఆ లెన్స్ ప్రొఫైల్‌ను చదువుతుందో లేదో మాత్రం కొనకముందే తెలుసుకోవాలి.

ముడుచుకునే లెన్స్ బ్యాగులో తక్కువ చోటు తీసుకుంటుంది. నికాన్ జెడ్ 14-30 ఎఫ్/4 మూసినప్పుడు 85ఎంఎం పొడవే ఉంటుంది. కానీ తెరిస్తేగాని ఫొటో తీయలేరు, అనుకోకుండా ఎదురైన క్షణం ఆ మెలిక తిప్పేలోపు పోవచ్చు. జూమ్ చేసినా పొడవు మారని లెన్స్ గింబల్ (కెమెరాను కుదుపు లేకుండా నిలిపే మోటారు స్టాండు) మీద బ్యాలెన్స్ చెదరకుండా నిలుస్తుంది. గింబల్ వాడేవారికి ఈ ఒక్క లక్షణం కోసం మిగతావన్నీ వదులుకున్నా ఫర్వాలేదు.

ముందు అద్దం బుడగలా ఉబ్బి ఉన్న లెన్స్‌కు మామూలు స్క్రూ ఫిల్టర్ పట్టదు. పెద్ద హోల్డర్, వెడల్పాటి చదరపు ఫిల్టర్లు కొనాలి, అప్పుడు చిన్న లెన్స్ కొన్న ఫలితం ఉండదు. ఫిల్టర్ సైజు ముందే చూడండి. జెడ్ 14-30కు 82ఎంఎం, టామ్రాన్ 17-28కు 67ఎంఎం. వేర్వేరు సైజుల లెన్స్‌లు ఉంటే అన్నింటికన్నా పెద్ద సైజు ఫిల్టర్ ఒకటి కొని స్టెప్-అప్ రింగులతో మిగతావాటికి వాడుకోవచ్చు. ఒకదాని మీద ఒకటి రెండు ఫిల్టర్లు బిగిస్తే వైడ్ చివర మూలలు తెగిపడతాయి, సన్నని అంచున్నది ఒక్కటే వాడండి. పోలరైజర్‌ను (మెరుపును తగ్గించే ఫిల్టర్‌ను) వైడ్‌లో ఆకాశం మీద నమ్మకూడదు. దాని ప్రభావం సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఎక్కువగానూ మిగతాచోట్ల తక్కువగానూ ఉంటుంది, అందువల్ల ఆకాశం మధ్యలో ముదురు నీలం పట్టీ పడుతుంది. నీటి మీద, తడి రాళ్ల మీద మెరుపు తీయడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

లెన్స్ చేతికి రాగానే

వాపసు గడువు ముగియకముందే పరీక్షించండి. లోపలి అద్దం కొంచెం పక్కకు జరిగితే ఒక మూల మసకబారుతుంది, వైడ్ జూమ్‌లలో ఇది బాగా కనిపిస్తుంది. గోడకు ఎదురుగా నిలబడి తీసే పరీక్ష నమ్మదగింది కాదు. కెమెరా గోడకు సరిగ్గా సమాంతరంగా లేకపోయినా ఒక వైపు మసకగానే వస్తుంది.

సరైన పద్ధతి ఇది. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి స్టెబిలైజేషన్ ఆపండి, 2 సెకన్ల టైమర్ పెట్టండి, రా ఫైల్‌లో తీయండి. కనీసం 100 మీటర్ల దూరంలో సన్నని వివరాలున్న వస్తువును, ఒక కిటికీనో టవర్‌నో, మధ్యలో ఉంచి ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చి అలాగే వదిలేయండి. మధ్యలో కెమెరా ఆపితే కొన్ని లెన్స్‌లలో ఫోకస్ చోటు మారిపోతుంది, కాబట్టి ఆపకండి. ఇప్పుడు కెమెరాను తిప్పుతూ అదే వస్తువు నాలుగు మూలల్లోనూ ఒక్కోసారి పడేలా తీయండి. పూర్తి అపర్చర్‌లో ఒక వరస, ఎఫ్/8లో ఒక వరస, జూమ్ రెండు చివర్లలోనూ, మధ్యలోనూ. నూరు శాతం పెద్దదిగా చేసి మూలలను పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగు మూలలూ మధ్యభాగం కన్నా కాస్త మెత్తగా ఉంటే అది సహజం. ఎఫ్/8లో కూడా ఒక్క మూల మిగతా మూడింటికన్నా తేడాగా ఉంటే ఆ లెన్స్ మార్చుకోవాలి. నాలుగూ ఒకేలా మసకగా ఉండి, మూలలో ఫోకస్ చేస్తే పదునెక్కితే అది ఆ డిజైన్ స్వభావం. మరో కాపీ తెచ్చుకున్నా అంతే ఉంటుంది.

తర్వాత చీకట్లో బలమైన దీపాన్ని ఫ్రేమ్ మూలకు తెచ్చి చూడండి. చిన్న చిన్న రంగు చుక్కలు పడితే సర్దుకోవచ్చు. ఫ్రేమ్ అంతా పాలపొర కమ్మినట్టయితే సూర్యుడికి ఎదురుగా తీసేవారికి ఆ లెన్స్ పనికిరాదు.

వాడిన లెన్స్ కొంటుంటే వెనక వైపు నుంచి టార్చ్ వేసి, ముందు నుంచి కొంచెం వాలుగా చూడండి. కొద్ది దుమ్ము ఫొటోలో కనిపించదు. సాలెగూడు పోగుల్లా అల్లుకున్నది ఫంగస్, దాన్ని వదిలేయండి. ఫిల్టర్ గాడి నొక్కుకుపోయిందా, మౌంట్ స్క్రూల తలలు చెదిరాయా చూడాలి: మొదటిది కింద పడిన గుర్తు, రెండోది విప్పిన గుర్తు. ముడుచుకునే రకమైతే తెరిచిన తర్వాత ముందు భాగాన్ని మెల్లగా పక్కలకు కదిపి చూడండి, వదులుగా ఊగకూడదు. పవర్ జూమ్ అయితే నిశ్శబ్దంగా ఉన్న గదిలో వీడియో తీస్తూ ఆ చివర నుంచి ఈ చివరకు నడపండి. మోటారు మధ్యలో ఆగి ఆగి తిరిగినా, గరగరమన్నా ఆ లెన్స్ తీసుకోకండి.