షుగర్ ఉంటే మడమల పగుళ్లు: నొప్పి లేదని వదిలేయకండి

షుగర్ ఉన్నవాళ్లు చాలామంది కాళ్లు పగిలితే "నొప్పేం లేదుగా" అని ఊరుకుంటారు. భయపడాల్సింది అక్కడే. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే పాదాల నరాలు దెబ్బతింటాయి. స్పర్శ తగ్గుతుంది, చెమట పట్టించే నరాలు కూడా పనిచేయక చర్మం ఎండిపోయి, గట్టిపడి, బరువు పడే మడమ అంచుల్లో చీలుతుంది. అంటే పగులు వస్తుంది, వచ్చిన సంగతి మాత్రం తెలియదు. దాంట్లోంచి ఇన్ఫెక్షన్ లోపలికి వెళ్తే మానడం చాలా కష్టం.

అందుకే రోజూ పడుకునే ముందు మంచి వెలుతురులో పాదాలు పైనా, కిందా, వేళ్ల సందుల్లోనూ చూసుకోండి. వంగలేకపోతే నేలమీద అద్దం పెట్టి చూడండి, చూపు ఆనకపోతే ఇంట్లోవాళ్లని చూడమనండి, ఇందులో మొహమాటం వద్దు.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు చాలు. నీళ్ల వేడిని కాలితో చూడకండి, స్పర్శ లేని కాలు బొబ్బలెక్కినా తెలియదు, మోచేత్తో చూడండి. పగుళ్లు మెత్తబడతాయని కాళ్లు నానబెడతారు చూడండి, అది మానేయండి. ఎక్కువసేపు నానితే చర్మంలో ఉండే జిడ్డు పోయి, ఆరాక ఇంకా బిరుసెక్కుతుంది. తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దండి, వేళ్ల సందుల్లో చెమ్మ అస్సలు ఉండకూడదు.

పాదం మీద కాస్త తేమ ఉండగానే, ఒకటి రెండు నిమిషాల్లో క్రీమ్ రాసేయండి. యూరియా (చర్మంలో తేమ నిలిపే పదార్థం) కలిసిన క్రీమ్ బాగా పనిచేస్తుంది. మామూలు పొడిదనానికి 10 శాతం సరిపోతుంది, మడమ మందంగా ఉంటే 20-25 శాతం వాడొచ్చు, కానీ డాక్టర్‌ని ఒకసారి అడిగి. రక్తం వచ్చే పగులు మీద మాత్రం ఇది రాయకండి, అది డాక్టర్ చూడాల్సిన పుండు. యూరియా క్రీమ్ దొరక్కపోతే సువాసన లేని పెట్రోలియం జెల్లీ అయినా రోజూ రాయండి, ఖరీదైన క్రీమ్ వారానికోసారి రాయడం కన్నా అదే మేలు. వేళ్ల సందుల్లో ఏదీ రాయొద్దు, అక్కడ తడి నిలిస్తే ఫంగస్ వస్తుంది. రాశాక కాటన్ సాక్సులు వేసుకోండి, కానీ నడిచేటప్పుడు జారకుండా చెప్పులు తొడుక్కోండి.

బ్లేడుతో చెక్కడం, గట్టిగా గీకడం, ఆనెకాయలకి అమ్మే యాసిడ్ పట్టీలు అంటించడం, ఇవేవీ దయచేసి చేయకండి. స్పర్శ తగ్గినవాళ్లు మడమలు రుద్దుకునే ప్యూమిస్ రాయి కూడా పక్కన పెట్టేయాలి, ఎంత లోతుకి గీకారో మీకు తెలియదు కాబట్టి. మందమైన చర్మం తీయాల్సి వస్తే డాక్టర్ దగ్గరే తీయించుకోండి.

ఇంకొకటి, అరికాలంతా పిండి చల్లినట్టు సన్నగా పొట్టు రాలుతూ, రెండు మూడు వారాలు క్రీమ్ రాసినా తగ్గకపోతే అది ఫంగస్ అయ్యుండొచ్చు. దానికి మందు వేరు.

ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో తిరగకండి. మడమ వెనక మూసి ఉన్న చెప్పులైతే పగుళ్లు సాగకుండా ఉంటాయి. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి రాయో, మేకో ఉందేమో తడమండి.

పగులు చుట్టూ ఎర్రబడినా, వాచినా, వేడిగా ఉన్నా, చీము, వాసన, నల్లటి రంగు, జ్వరం, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగకుండా ఆరోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నొప్పి లేకపోయినా సరే, వెళ్లండి.