రాత్రివేళ భయం నుండి నేను బయటపడిన విధం

నాన్నగారు పోయిన తరువాత, చిత్తూరులోని మా ఇంట్లో నిద్రపట్టే వేళకు గుండె దడదడలాడి, ఊపిరి ఆగిపోతుందేమోననే భయం నన్ను పట్టుకునేది. వైద్యుడు ఈసీజీ తీయించి, గుండెలో లోపమేమీ లేదని, ఇది ఆందోళన వల్ల వచ్చినదని చెప్పి మందు రాశారు.

విశ్వాసముంటే భయముండదనే మాటను నేను అంగీకరించను. భయం కలిగిన దినమున దేవుణ్ణి ఆశ్రయిస్తానని బైబిలులోని 56వ కీర్తనలో దావీదు అన్నాడే గాని, భయమే కలుగదని అనలేదు. అంతకంటే ఎక్కువ ఆసరా ఇచ్చినది మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం: చావు కోరుకొని బదరీవృక్షం క్రింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ఉపదేశమేమీ చేయక, అప్పమూ నీళ్లూ ఇచ్చి, మళ్లీ నిద్రపోనిచ్చి, రెండవసారి కూడా లేపి తినమన్నాడు.

అందుచేత నేనూ ముందు శరీరం సంగతి చూసుకున్నాను; సాయంత్రం కాఫీ మానాను. దడ మొదలవగానే లేచి కూర్చుని, ఊపిరి పీలుస్తూ ‘ప్రభువా’ అని, అంతకంటే నెమ్మదిగా విడుస్తూ ‘నిన్నే ఆశ్రయించాను’ అని మనసులో అనుకుంటాను; ఊపిరిని నిదానంగా విడిచినప్పుడు గుండె వేగమూ తగ్గుతుంది. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదని మా సంఘకాపరి అయ్యగారు ధైర్యం చెప్పారు. పక్కనే వేలూరులో మిషనరీ వైద్యురాలు ఐడా స్కడ్డర్ 1900లో ప్రారంభించిన ఆసుపత్రికి తరచూ వెళ్లే మా ఊరివారికి ఆ సందేహమే రాకూడదు!

భయం ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది, కాసేపటికి పోతుంది. అర్ధరాత్రి మాట్లాడే తోడు లేనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్‌కు, 14416 నంబరుకు, ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.