పాత రాక్ కచేరీ కేసెట్టు బాగుచేయాలంటే ముందు స్క్రూడ్రైవర్ తియ్యండి

మా మేనమామ ఓడల్లో పనిచేసేవాడు. ఆయన దగ్గరున్న ఒక కేసెట్టు మీద బాల్‌పెన్నుతో ‘జెప్ - ఎల్.ఏ. 77’ అని రాసి ఉంటుంది. లెడ్ జెపెలిన్ అనే ఇంగ్లండు రాక్ బృందం 1977లో లాస్ ఏంజెలెస్‌లో వాయించినప్పుడు జనంలో కూర్చున్న ఎవరో గుట్టుగా చేసిన రికార్డింగ్ అది. అసలు కేసెట్టు ఓడలోని స్నేహితుడిది. మామయ్య సెలవుకి వచ్చినప్పుడు విశాఖలో పెదవాల్తేరు ఇంట్లో డబుల్ డెక్ (రెండు కేసెట్లు పట్టే టేప్ ప్లేయర్) మీద కాపీ చేసుకుని వెనక్కి ఇచ్చేశాడు. ఇప్పుడు మిగిలింది ఆ కాపీ ఒక్కటే.

దాన్ని వినేలా చెయ్యడానికి నాకు రెండు నెలలు పట్టింది. అందులో మొదటి నెల దండగ. నేరుగా లాప్‌టాప్ ముందు కూర్చుని ఫిల్టర్ల మీద ఫిల్టర్లు వేశాను. తప్పు చాలావరకు డెక్‌లోనే ఉందని తర్వాత తెలిసింది. అందుకే కింద సమస్యల్ని అవి ఎదురయ్యే వరసలో రాశాను. వరస మార్చకండి.

టేపు చుట్ట అంచున తెల్లటి పొడి కనబడుతోంది

బూజు. మన విశాఖలో, ముఖ్యంగా బీచ్ వైపు ఇళ్లలో, ఇది మామూలే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు తడిసిన అలమారాల్లోవైతే మరీను. ఆ కేసెట్టుని డెక్‌లో పెట్టి ప్లే నొక్కారంటే బూజు హెడ్‌కి (టేపుని చదివే ముక్కకి) అంటుకుని తర్వాతి కేసెట్టుకీ పాకుతుంది. గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో రెండు మూడు రోజులు ఉంచండి. బియ్యం డబ్బాలో పెట్టొద్దు, తౌడు దుమ్ము లోపలికి పోతుంది. ఆరాక మూతికి మాస్కు కట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్‌తో అంచులు దులపండి. టేపు చుట్టల్ని స్క్రూలున్న వేరే కేసెట్టు డబ్బాలోకి మార్చండి. ఈ పని వానాకాలంలో కాకుండా డిసెంబర్, జనవరిలో పెట్టుకుంటే సగం బాధ తప్పుతుంది.

శబ్దం వస్తూ పోతూ ఉంది, ఒక్కోసారి ఒక పక్కే వినబడుతోంది

కేసెట్టు నోటి దగ్గర, మధ్యలో, చిన్న రాగి పట్టీ మీద ఫెల్టు ముక్క ఉంటుంది. టేపుని హెడ్‌కి ఆనించి పట్టేది అదే. ఉప్పుగాలికి పట్టీ పాడవుతుంది, జిగురు ఎండి ఫెల్టు ఊడిపోతుంది. పనికిరాని కేసెట్టులోంచి తీసి వేసుకోవచ్చు. పనిలో పనిగా హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది. సెంటు, కలోన్ వాడొద్దు.

దుప్పటి కప్పి వింటున్నట్టుంది

నేను నెల పోగొట్టుకున్నది ఇక్కడే. ట్రెబుల్ పెంచితే బుస పెరిగిందే తప్ప తాళాలు (డ్రమ్ముల పక్కన మోగే సింబల్స్) తేలలేదు. కారణం అజిముత్. అంటే రికార్డు చేసిన హెడ్ ఏ కోణంలో నిలబడిందో మీ డెక్ హెడ్ ఆ కోణంలో లేకపోవడం. కేసెట్టు టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు, వేగం సెకనుకి 4.76 సెంటీమీటర్లు. ఇంత నెమ్మదిగా కదిలే టేపు మీద కోణం వెంట్రుకవాసి తప్పినా పై ఫ్రీక్వెన్సీలు పోతాయి. అలా పోయినవాటిని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

ముందు పరీక్ష. కుడి, ఎడమ చానళ్లు కలిపి మోనోలో వినండి. స్టీరియోలో కన్నా మోనోలో ఇంకా మసకబారితే అనుమానం అజిముత్ మీదే. హెడ్‌కి రెండు స్క్రూలుంటాయి. వాటిలో కింద స్ప్రింగ్ ఉన్నదాన్ని, అది ఇప్పుడు ఎక్కడుందో మార్కర్‌తో గుర్తు పెట్టుకుని, టేపు ఆడుతుండగా పావు చుట్టు లోపలే అటూ ఇటూ తిప్పండి. మోనోలో తాళాలు ఒక్కచోట ఫెళ్లున తేలతాయి. అక్కడ ఆపండి. డెక్ పుస్తకంలో ఏం రాసున్నా సరే, ఈ కేసెట్టుకి సరిపోయేదే సరైన కోణం. రెండో వైపుకి మళ్లీ చూసుకోవాలి.

డాల్బీ (టేపు బుస తగ్గించే ఏర్పాటు) స్విచ్ సంగతి దీని తర్వాతే. డాల్బీ లేకుండా రికార్డయిన టేపుని డాల్బీ వేసి వింటే మందంగా ఉంటుంది. తెలియకపోతే ఆపేసి ఉంచండి.

అడుగున గుయ్‌మని మోత

ఇది ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చాలి. కేసెట్టు తీసేసి డెక్ ఆన్‌లో ఉంచి రికార్డు చెయ్యండి. మోత అప్పుడూ ఉంటే తప్పు మీ వైర్లది. లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి, చాలామందికి అక్కడితో పోతుంది. కేసెట్టు పెడితేనే వస్తే అది టేపులో ఉన్న మోత.

మా కేసెట్టులో అలాంటివి రెండున్నాయి. ఆడియో సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దముందో చూపే గ్రాఫ్, తీసి చూస్తే (సైజు 65536 పెట్టండి, చిన్నది పెడితే పక్కపక్క గీతలు కలిసిపోతాయి) ఒకటి సరిగ్గా 50 హెర్ట్జ్ దగ్గర, ఇంకోటి 63 దగ్గర నిలబడ్డాయి. 50 మన కరెంటు. పెదవాల్తేరులో కాపీ చేసినప్పుడు చేరింది. 63 ఏ దేశపు కరెంటూ కాదు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. హాల్లో ఆంప్లిఫయర్ల మోత 60 దగ్గర ఉండాల్సింది, 63కి ఎక్కింది. అంటే మామయ్య చేతికి వచ్చేసరికే ఈ పాట 5 శాతం వేగంగా ఉంది. స్వరంలో దాదాపు అరమెట్టు పైకి.

చెవికి పట్టుబడలేదా అంటే, వాళ్ల గాయకుడు రాబర్ట్ ప్లాంట్ గొంతే అంత పైకి వెళుతుంది మరి. గొంతుని నమ్మొద్దు, కరెంటుని నమ్మండి.

ఇక్కడ వరస ముఖ్యం. ముందు 50ని, దాని రెట్లు 100, 150ని సన్నటి నాచ్ ఫిల్టర్‌తో (ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసేసే ఫిల్టర్) తియ్యాలి. ఆ తర్వాతే వేగం సరిచెయ్యాలి. ముందే వేగం తగ్గిస్తే 50 కాస్తా 47.6కి జారిపోతుంది, మీరు మాత్రం 50 దగ్గర వెతుకుతూ కూర్చుంటారు. నాచ్ వెడల్పుగా ఉంటే ఆ చుట్టుపక్కల ఉండే బేస్ గిటార్ స్వరాల్ని మింగేస్తుంది, జాగ్రత్త. వేగానికి 5 శాతం తగ్గింపు కొట్టకండి. 60ని 63తో భాగిస్తే 0.952, అంటే తగ్గించాల్సింది 4.76 శాతం. స్పీడ్ మార్చే ఎఫెక్టే వాడాలి. టెంపో ఒక్కటో, పిచ్ ఒక్కటో మార్చేవి కాదు.

పాట నడుస్తున్నకొద్దీ స్వరం పైకి పాకుతోంది

కచేరీలో రికార్డు చేసినవాడి బ్యాటరీలు అయిపోతున్నాయన్నమాట. మోటారు నీరసించి టేపు నెమ్మదిగా కదిలింది. దాన్ని మనం మామూలు వేగంతో ఆడిస్తే స్వరం ఎక్కుతూ పోతుంది. పది నిమిషాలకోసారి 60 గీత ఎక్కడుందో కొలిచి, సాఫ్ట్‌వేర్‌లోని టైమ్ ట్రాక్ (వేగాన్ని మెల్లగా మార్చే గీత) మీద ఆ వంపుకి ఎదురు వంపు గియ్యండి. ఓపికుంటేనే.

బుస ఎక్కువగా ఉంది

ఉండనివ్వండి. నాయిస్ రిడక్షన్ 6 డెసిబెల్స్ దాటిస్తే తాళాలు నీళ్లలో మునిగి మోగినట్టవుతాయి, చప్పట్లు కాగితం చింపినట్టవుతాయి. జనం అల్లరి కూడా బుసలాంటి శబ్దమే కాబట్టి సాఫ్ట్‌వేర్ రెండిటినీ ఒకే గాటన కట్టేస్తుంది.

డ్రమ్ము కొట్టినప్పుడల్లా మిగతాదంతా ముడుచుకుపోవడం రికార్డర్‌లోని ఆటోమేటిక్ లెవెల్ (శబ్దాన్ని తనంతట తానే పెంచి తగ్గించేది) చేసిన పని. దానికి పూర్తి మందు లేదు. హాలు హోరు మాత్రం 200 నుంచి 250 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తగ్గిస్తే తేలికపడుతుంది.

కేసెట్టు తిప్పేచోట పాట తెగింది

సి-90 అంటే వైపుకి 45 నిమిషాలు. ఆ ఏడాది వీళ్ల కచేరీలు మూడు గంటలు దాటేవి. కాబట్టి ఒక్క కేసెట్టులో పట్టింది ముక్కే. తెగినచోట వేరే రికార్డింగ్ నుంచి అతికించే ముందు అది అదే రాత్రిదా అని చూసుకోండి. లాస్ ఏంజెలెస్‌లోని ‘ఫోరమ్’ అనే హాల్లో వాళ్లు జూన్ 21 నుంచి 27 మధ్య ఆరు రాత్రులు వాయించారు. 23న ‘ద హూ’ అనే వేరే రాక్ బృందం డ్రమ్మర్ కీత్ మూన్ స్టేజీ ఎక్కాడు. మీ టేపులో ఆయన ఉంటే తారీఖు తేలిపోయినట్టే. మాదాంట్లో లేడు. నేను అతికించలేదు, చప్పట్ల మీద మెల్లగా తగ్గించి వదిలేశాను.

మైకు పక్కనే ఎవడో ఈలలు

స్పెక్ట్రోగ్రామ్‌లో (సమయంతోపాటు ఫ్రీక్వెన్సీలు ఎలా మారతాయో చూపే బొమ్మ) ఈల అంటే సన్నటి వంకర గీత. చెరిపెయ్యడం తేలికే. మూడు రాత్రులు కూర్చుని అన్నీ చెరిపి, మామయ్యకి హెడ్‌ఫోన్ పెట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు. రెండో పాట మధ్యలో కళ్లు తెరిచి, “ఆ ఈలేసినోడు ఏటైపోనాడ్రా?” అన్నాడు. నలభై ఏళ్లుగా ఆ ఈలతోనే విన్నాడాయన ఆ పాటని. మర్నాడు తిరిగి పెట్టేశాను.

పెట్టగలిగానంటే మొదటి కాపీ ముట్టుకోకుండా దాచబట్టే. టేపు నుంచి తీసినది 24 బిట్‌లో, పీక్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా, ఫ్లాక్‌గా (శబ్దం ఏమాత్రం పోని ఫైలు రకం) ఒక ఫోల్డర్‌లో పెట్టి దాని జోలికి పోకండి. పనంతా రెండో కాపీ మీద చెయ్యండి. ఏ ఫిల్టర్ ఎంత వేశారో పక్కనే టెక్స్ట్ ఫైల్లో రాసుకోండి. ఎంపీ3 ఫోన్లో వినడానికి మాత్రమే. ఇదంతా ఇంట్లో వినడానికే సుమండీ, పాటల హక్కులు వాళ్లవి. అమ్మకానికి పెట్టొద్దు.