వెనిగర్ పాఠాలు – 3: సీసా మీది శాతం నుంచి మోతాదు లెక్క

కిందటి పాఠంలో వెనిగర్ రెండు దశల్లో తయారవుతుందని చూశాం. ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది, ఎసిటోబాక్టర్ బ్యాక్టీరియా ఆక్సిజన్ సాయంతో ఆ ఆల్కహాల్‌ని ఎసిటిక్ ఆసిడ్‌ చేస్తుంది. ఇవాళ ఒక సీసా, కొలత చెంచా, కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని కూర్చోండి.

ముందు లేబుల్ మీద ‘ఎసిడిటీ 5%’ లాంటి మాట వెతకండి. 100 మి.లీ.లో 5 గ్రాముల ఎసిటిక్ ఆసిడ్ ఉందని అర్థం. వంటకి వాడేవి సాధారణంగా 4 నుంచి 8 శాతం మధ్య ఉంటాయి. మిగతాది దాదాపు నీళ్లే. యాపిల్ సైడర్ వెనిగర్‌లో పండు నుంచి వచ్చిన పాలీఫినాల్స్ (మొక్కల్లో ఉండే ఒక రకం పదార్థాలు), ఖనిజాలు కొద్దిగా ఉంటాయి గానీ, ఒకటి రెండు చెంచాల్లో మనకి అందేది చాలా తక్కువ. అడుగున కనిపించే మడ్డి బ్యాక్టీరియా, అది అల్లుకున్న సెల్యులోజ్. దానివల్ల హాని లేదు. శుభ్రం చేసుకోవడానికని అమ్మే రకాన్ని మాత్రం నోట్లో పెట్టుకోకండి.

ఇప్పుడు లెక్క. టేబుల్ స్పూన్ అంటే 15 మి.లీ. 15ని 5తో హెచ్చవేసి 100తో భాగిస్తే 0.75 గ్రాముల ఆసిడ్. నీళ్లు కలిపి మొత్తం 250 మి.లీ. చేస్తే గ్లాసులో ఉండేది 0.3 శాతం.

చాలామంది పొరబడేది ఇక్కడే. గాఢత పదహారో వంతు కంటే కిందికి పడిపోయింది కదా, ఇక పళ్లకి ఢోకా లేదనుకుంటారు. పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) చూడండి: సీసాలో సుమారు 2.4, గ్లాసులో సుమారు 3. ఎసిటిక్ ఆసిడ్ బలహీనమైనది కాబట్టి, పలచన చేసేకొద్దీ దాని అణువుల్లో ఎక్కువ వంతు విడిపోయి హైడ్రోజన్ అయాన్లని వదులుతాయి. అందుకే పులుపు తీవ్రత నాలుగో వంతుకే తగ్గింది. పంటి ఎనామెల్ పీహెచ్ 5.5 దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. నీళ్లు కలపడం గొంతుకి మేలే, పళ్లకి అది చాలదు. గుటక గుటకగా గంటసేపు తాగకండి. తాగాక మామూలు నీళ్లతో పుక్కిలించండి, వెంటనే బ్రష్ చేయకండి.

ఇక ఆరోగ్యం సంగతి. పిండిపదార్థాలు ఎక్కువున్న భోజనంతో వెనిగర్ తీసుకుంటే, తిన్నాక రక్తంలో చక్కెర పెరగడం కొంత తగ్గుతుందని చిన్న అధ్యయనాలు చూపాయి. కడుపు నెమ్మదిగా ఖాళీ కావడం అందుకు ఒక కారణం. డయాబెటిస్ వల్ల ఇప్పటికే కడుపు మందగించినవాళ్లకి ఇదే ఇబ్బంది పెట్టొచ్చు. ఇన్సులిన్ గానీ, ఒంట్లో నీరు తీసే మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా రోజూ తాగడం మొదలుపెట్టకండి. బరువు విషయంలో మరీ జాగ్రత్త: యాపిల్ సైడర్ వెనిగర్‌తో బాగా తగ్గారని 2024లో వచ్చి ప్రచారమైన పరిశోధనా పత్రాన్ని, లెక్కలు నమ్మదగ్గవిగా లేవని 2025లో దాన్ని ప్రచురించిన జర్నలే ఉపసంహరించుకుంది.

అభ్యాసం: 6% సీసా నుంచి 10 మి.లీ. తీసి, నీళ్లతో మొత్తం 200 మి.లీ. చేశారు. ఆసిడ్ ఎన్ని గ్రాములు, గ్లాసులో ఎంత శాతం? 0.6 గ్రాములు, 0.3 శాతం వస్తే లెక్క పట్టుబడినట్టే. వచ్చే పాఠంలో టైట్రేషన్ (క్షారాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ ఆసిడ్ ఎంతుందో కొలిచే పద్ధతి) చేసి, లేబుల్ మీది శాతం నిజమో కాదో తేల్చుకుందాం.