మృగశిర రాకముందే సైకిల్ సోలార్ లైట్లకు చేయాల్సిన పనులు

వానలో తడిసి సోలార్ లైటు పోయిందంటాం గానీ, చాలాసార్లు దాన్ని దెబ్బతీసేది అంతకుముందు కాసిన రోహిణి ఎండ. ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత ఆ వేడికి బిరుసెక్కి అంచుల్లో పగులుతుంది. లోపలి లిథియం బ్యాటరీ ఉబ్బి పెట్టె అతుకును విడదీస్తుంది. తొలి జల్లు ఆ సందుల్లోంచే లోపలికి దిగుతుంది. అందుకే ఈ తనిఖీ మే నెలాఖరుకల్లా అయిపోవాలి.

రబ్బరు మూతను వేలితో వంచి చూడండి. మడత దగ్గర సన్నటి పగుళ్లు కనిపిస్తే అది ఇక నీటిని ఆపదు. విడి మూత దొరకడం కష్టం. పాత సైకిల్ ట్యూబును రెండు వేళ్ల వెడల్పున కోసి, రంధ్రం మూసుకునేలా లైటు చుట్టూ బిగుతుగా తొడిగితే ఈ సీజన్ గడిచిపోతుంది. మూత బాగుంటే అంచుకు సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి. కొబ్బరి నూనె, వాజిలీన్ వద్దు, కొన్ని రకాల రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది.

తర్వాత అతుకు వెంట గోరు నడపండి. సందు తగిలినా, పెట్టె పొంగినట్టున్నా ఛార్జ్ పెట్టకండి. పొడవడం, నొక్కి మూయడం అసలే వద్దు. కాలే వస్తువులకు దూరంగా ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి.

సోలార్ లైటుకున్న చిక్కే ఇది: పలకకు ఎండ కావాలి, దాని వెనక అంటుకుని ఉన్న బ్యాటరీకి నీడ కావాలి. లిథియం సెల్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే మధ్యాహ్నం ఎండలో నిలిపిన నల్లటి లైటు ఆ హద్దును సులువుగా దాటేస్తుంది. వేసవిలో ఉదయం తొమ్మిదిన్నర దాకా ఎండ తగలనిచ్చి, ఆపై తీసి ఇంట్లో పెట్టండి.

వానాకాలంలో లెక్క తిరగబడుతుంది. వెనక లైటు మీది చిన్న పలక పావు వాట్‌ది అనుకుందాం. 5 వోల్టుల దగ్గర నిండు ఎండలో అదిచ్చేది 50 మిల్లీ ఆంపియర్లు. దట్టంగా మబ్బు పడితే 5 నుంచి 10. అంటే ఎనిమిది గంటలు బయట పెట్టినా 40 నుంచి 80 మిల్లీ ఆంపియర్ అవర్లే. 500 మిల్లీ ఆంపియర్ అవర్ల సామర్థ్యం ఉన్న బ్యాటరీ నిండాలంటే వారం, అంతకంటే ఎక్కువే. పైగా పలక మీది సోలార్ సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి, ఒక్కదాని మీద బురద చుక్క పడినా మొత్తం కరెంటు తగ్గుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కు చాలావరకు సోలార్ పలకలే కప్పు, కానీ దాని నీడలో మీ లైటు పలకకు దక్కేది అంతంతే! జూన్ నుంచి సోలార్‌ను అదనంగానే చూడండి, వారానికోసారి కేబుల్‌తో నింపండి. రెండు కొసలా టైప్-సి ఉన్న కేబుల్‌తో కొన్ని చవక లైట్లు ఛార్జ్ కావు. పాడైందనుకునే ముందు ఒక కొస పాత యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో ప్రయత్నించండి.

తడి రంధ్రంలో మాత్రం కేబుల్ గుచ్చకండి. నీరు, కరెంటు కలిస్తే పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. నీళ్లు దులిపి, మూత తెరిచి, నీడలో ఫ్యాన్ కింద 24 గంటలు ఆరబెట్టండి. బియ్యంలో పాతిపెట్టే చిట్కా వల్ల రంధ్రంలోకి పిండి చేరడమే మిగులుతుంది.

అట్టపెట్టె మీద ఐపీఎక్స్4 అంటే చినుకులకు, చిందే నీళ్లకే. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట, అంతేగానీ వాటర్ సర్వీసింగ్ పైపు ధారకు తట్టుకుంటుందని కాదు. సైకిల్ కడిగించేముందు లైట్లు, వేగం చూపే మీటరు విప్పేయండి. ఇంట్లో పరీక్షకు, లైటు ఆర్పి మగ్గుతో అన్ని వైపుల నుంచీ ఐదు నిమిషాలు నీళ్లు చల్లండి. తుడిచి మూత తీసి, టిష్యూ కాగితం కొస పెట్టి తడి చూడండి. మర్నాటికి అద్దం లోపల ఆవిరి పట్టినా అది కారుతున్నట్టే.

టైరుకు ఆనే పాత డైనమో వాడేవాళ్లకు రెండు మాటలు. టైరు తడిస్తే డైనమో చక్రం జారి లైటు మినుకుమంటుంది, రబ్బరు తొడుగు వేస్తే పట్టు పెరుగుతుంది. చాలా డైనమోల్లో కరెంటు ఫ్రేమ్ గుండానే తిరిగి వస్తుంది. బిగింపు దగ్గర తుప్పు పడితే దారి తెగినట్టే, కాబట్టి గీకి శుభ్రం చేయండి, లేదా రెండో వైరు విడిగా లాగండి. ఏ వైరునైనా కనెక్టర్ కంటే కిందికి వేలాడేలా వంచి కట్టాలి, నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. అతుకులకు మామూలు ఇన్సులేషన్ టేపు వద్దు, ఎండకు దాని జిగురు కారిపోతుంది. వేడి చేస్తే ముడుచుకుని వైరును పట్టేసే హీట్ ష్రింక్ గొట్టం వేయండి.