అను ఫాంట్లలో ఉన్న కరపత్రం మేటర్‌ను వెబ్‌సైట్‌లోకి తప్పుల్లేకుండా ఎక్కించడం ఎలా?

కడపలో చిన్న వెబ్ డిజైన్ స్టూడియో నడిపేవాళ్లకు క్లయింట్ దగ్గర్నుంచి మేటర్ వచ్చే దారి దాదాపు ఒకటే. బండల పాలిషింగ్ యూనిట్ కావచ్చు, ప్రొద్దుటూరు నగల దుకాణం కావచ్చు, ఎర్రముక్కపల్లిలో కొత్తగా తెరిచిన క్లినిక్ కావచ్చు. "మేటరంతా మా డీటీపీ అబ్బాయి దగ్గర ఉందన్నా, వాట్సాప్‌లో పెట్టమంటాలే" అంటారు. పెడతారు కూడా. ఆ మేటర్ డీటీపీ సెంటర్లు వాడే అను అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టి ఉంటుంది. దాన్ని తెరిచి మన ఎడిటర్‌లో పేస్ట్ చేస్తే తెలుగు కనపడదు. డాలరు గుర్తులు, బ్రాకెట్లు, నెత్తిన టోపీలున్న లాటిన్ అక్షరాలు వరసగా వస్తాయి.

అప్పుడు చాలామంది రెండింట్లో ఒకటి చేస్తున్నారు. కరపత్రాన్ని బొమ్మగా మార్చి పేజీలో పెట్టేయడం ఒకటి. అను మేటర్‌ను యూనికోడ్‌లోకి (ఫోన్లు, బ్రౌజర్లు చదవగలిగే అక్షరాల పద్ధతి) మార్చే కన్వర్టర్ ఏదో నెట్‌లో దొరికితే అందులో వేసి, వచ్చింది వచ్చినట్టు పేస్ట్ చేసి బిల్లు పంపడం ఇంకోటి. మొదటిది చేస్తే షాపు పేరు వెతికేవాళ్లకు ఆ పేజీలోని తెలుగు దొరకదు, ఫోన్‌లో అక్షరాలు చదవడానికి రావు, చూపులేనివాళ్ల ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. రెండోది ఇంకా చెడ్డది. పైకి తెలుగులాగే ఉంటుంది కాబట్టి తప్పులు నెలల తరబడి అలాగే ఉండిపోతాయి. జమ్మలమడుగు బ్రాంచి అడ్రసు "జవ్ములవుడుగు" అని కనిపించే సైటు చూసిన మనిషి ఆ దుకాణాన్ని ఎంత నమ్ముతాడు?

కావలసినవి

అచ్చయిన కరపత్రం ఒకటి (ఫొటో కాదు, చేతికి వచ్చే కాగితం), మూల ఫైలు, ఒక కన్వర్టర్, నోట్‌ప్యాడ్ లాంటి సాదా ఎడిటర్, ప్రింటర్, ఎర్ర పెన్ను. వీటితో పాటు తెలుగు గట్టిగా చదవగలిగే ఇంకో మనిషి. ఆ మనిషి లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

1. సరైన ఫైలు తెప్పించండి

మన ఊళ్లలో డీటీపీ సెంటర్లు ఇప్పటికీ పేజ్‌మేకర్, కోరల్‌డ్రా మీదే నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అయినా కరపత్రాలకు, పెళ్లి పత్రికలకు అదే వాడుతున్నారు, ఎందుకంటే ఆపరేటర్ల చేతులు అందులో పరుగెత్తుతాయి. పేజ్‌మేకర్ ఫైలైతే మన పని సులువు, టెక్స్ట్ కాపీ అవుతుంది.

కోరల్‌డ్రా ఫైలైతే ఒక ప్రశ్న అడగండి: "కర్వ్స్ చేయకముందు ఫైలుందా?" ఫ్లెక్సీకి, ప్రెస్సుకు ఇచ్చేటప్పుడు ఫాంటు మారిపోకుండా అక్షరాలను కర్వ్స్ చేసి పంపుతారు. ఆ తర్వాత అందులో అక్షరాలుండవు, గీతలే ఉంటాయి. అంతకుముందు సేవ్ చేసిన ఫైలు లేదంటే కన్వర్టర్ సంగతి మర్చిపోయి, కాగితం చూసి టైపు చేయించండి.

మేటర్ రెండు పేజీల లోపు ఉంటే ఏ ఫైలున్నా సరే, టైపు చేయించడమే పద్ధతి. కన్వర్ట్ చేసి దిద్దే టైములో తెలుగు బాగా టైపు చేసేవాళ్లు అదే మేటర్‌ను శుభ్రంగా కొట్టేస్తారు. యూనికోడ్‌లో టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ (భారతీయ భాషలకు ప్రామాణికమైన కీబోర్డు అమరిక) నేర్చుకున్న ఒక్క మనిషి స్టూడియోలో ఉంటే చాలు. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి చాటింగ్‌కు బాగుంటుంది కానీ, ఒత్తులు, సున్నలు నిండిన మేటర్‌కు పనికిరాదు. మధ్యలో అది ఊహించి పెట్టే పదాల వల్ల కొత్త తప్పులు పుడతాయి.

2. ఇంగ్లిష్, అంకెలు ముందే పక్కన పెట్టండి

కన్వర్టర్ తనకు ఇచ్చిన ప్రతి అక్షరాన్నీ అను అక్షరమే అనుకుంటుంది. ఈమెయిల్ అడ్రసు, జీఎస్టీ నంబరు, ఫోన్ నంబర్లు అందులో వేస్తే ఏమై బయటికి వస్తాయో చెప్పలేం. వాటిని కాగితం చూసి విడిగా టైపు చేసుకోండి. రూపాయి గుర్తు (₹) 2010లో వచ్చింది, పాత ఫాంట్లలో అది ఉండదు. ధరల దగ్గర "రూ." అని రాయడమే నాకు నచ్చుతుంది, ఎక్కడా విరగదు.

3. కన్వర్ట్ చేయండి

అను 6, అను 7 అని రెండు రకాలున్నాయి. మీ ఫైలు ఏ రకమో డీటీపీ అబ్బాయిని అడిగి తెలుసుకోండి. ఒక పేరా వేసి చూస్తే తెలిసిపోతుంది, తప్పు రకం ఎంచుకుంటే అర్థంలేని అక్షరాలు వస్తాయి. వచ్చిన తెలుగును నోట్‌ప్యాడ్‌లో వేసి, యూటీఎఫ్-8గా (యూనికోడ్ అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి) సేవ్ చేయండి. వర్డ్‌లో వేయొద్దు.

4. దిద్దడం

అసలు పని ఇది. ఇక్కడ తొందరపడితే పైన చేసిందంతా వృథా.

ముందు, తప్పులు ఎందుకొస్తాయో తెలుసుకోవాలి. యూనికోడ్‌లో "మ" అంటే ఒక అక్షరం, దానికి ఒక కోడ్. అను లాంటి పాత ఫాంట్లలో అక్షరాలుండవు, అక్షరాల ముక్కలుంటాయి. "వ" గీసి పక్కన కొమ్ము తగిలిస్తే కంటికి "మ" అవుతుంది. కాగితం మీద అది మ. కన్వర్టర్‌కు మాత్రం అది "వ", కొమ్ము. మంచి కన్వర్టర్ చాలాచోట్ల సరిగ్గానే పోల్చుకుంటుంది, కొన్నిచోట్ల "వు" అని వదిలేస్తుంది. అలా కమలాపురం "కవులాపురం" అవుతుంది, నమ్మకం "నవ్ముకం" అవుతుంది, ముఖ్య గమనిక "వుుఖ్య గవునిక" అవుతుంది. "య"కు కూడా ఇదే రోగం: సమయం కాస్తా "సవుయుం".

ఇది చూడగానే ప్రతివాళ్లకూ ఒకటే ఆలోచన వస్తుంది. "వు" అంతటినీ ఒకేసారి "మ"గా రీప్లేస్ చేసేద్దాం అని. దయచేసి ఆ పని చేయొద్దు. తెలుగులో నిజమైన "వు" ఎంత ఉందో ఒకసారి ఆలోచించండి. సెలవు "సెలమ" అవుతుంది. ఆవు పాలు "ఆమ పాలు" అవుతాయి. డాక్టరు గారి పేరు చివర "రావు" ఉంటే "రామ" అయి కూర్చుంటుంది. కరపత్రంలో "పార్కింగ్ సౌకర్యం వుంది" అని రాసి ఉంటే "పార్కింగ్ సౌకర్యం మంది" అవుతుంది. మనవైపు చాలామంది ఉంది, ఉన్నాయి అనేవాటిని వుంది, వున్నాయి అనే రాస్తారు కాబట్టి ఇది తప్పకుండా ఎదురవుతుంది. "యు" సంగతీ అంతే. ఆయుర్వేదం, వాయువు, యువత, మరియు, వీటన్నిటిలో "యు" సరైనదే. అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఒకసారి రీప్లేస్ ఆల్ కొట్టాక ఏది మొదటి తప్పో, ఏది మీరు చేసిన తప్పో విడదీయడం ఎవరివల్లా కాదు.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. మొదట, తెలుగులో ఎక్కడా సరైన మాటగా రాని కలయికలను మాత్రమే ఒకేసారి మార్చండి. "వుు" ఉంటే అది "ము". "వ్ము" ఉంటే అది "మ్మ". "వెుు" ఉంటే "మొ", అది అయ్యాక మిగిలిన "వెు"లు "మె". ఈ ఆఖరి రెండింటి వరస తారుమారు చేయకూడదు. ముందే "వెు"ను మారిస్తే మొదలు అనే మాట "మెుదలు" అయి మిగులుతుంది. స్క్రీన్ మీద అది "మొదలు" లాగే కనిపిస్తుంది కూడా, అందుకే ఎవరూ పట్టుకోలేరు.

ఆ తర్వాత మిగిలిన "వు"ను వెతికి, ఒక్కొక్కటీ చూసి, మార్చాలా వద్దా నిర్ణయించండి. విసుగు పుడుతుంది. అయినా వేరే దారి లేదు. "యు"కు ఇదే పద్ధతి.

ఇంతవరకూ చేసినవి కంటికి కనిపించే తప్పులు. కనపడనివి ఇంకా ఉన్నాయి, నాకు ఎక్కువ భయం వాటితోనే.

సున్న చూడండి. తెలుగు సున్న "ం" వేరు, తెలుగు అంకె సున్నా "౦" వేరు. "అ౦దరికీ" అని అంకెతో కొట్టినా స్క్రీన్ మీద ఇంచుమించు ఒకేలా ఉంటుంది. వెతికేవాళ్లు మాత్రం "అందరికీ" అనే కొడతారు, రెండూ కలవవు. డీటీపీ నుంచి వచ్చినదాంట్లోనే కాదు, చేత్తో టైపు చేసినదాంట్లోనూ ఈ తప్పు ఉంటుంది. "౦"ను వెతికి, దొరికిన ప్రతిదాన్నీ చూడండి. కరపత్రంలో తెలుగు అంకెలు వాడకపోతే మొత్తం మార్చేయొచ్చు.

విసర్గ కూడా అంతే. "దు:ఖం" అని కోలన్‌తో కొట్టడం అలవాటైపోయింది. కోలన్ ముందు, వెనక తెలుగు అక్షరాలు అతుక్కుని ఉంటే అది విసర్గ కావాల్సిన చోటేమో చూడండి.

ఐత్వం ఇంకో రకం. కన్వర్టర్ దీన్ని ఎత్వం, కింది గుర్తు అని రెండు ముక్కలుగా ఇవ్వొచ్చు. యూనికోడ్ ప్రకారం రెండు ముక్కలూ కలిస్తే అదే ఐత్వం, పెద్ద సెర్చ్ ఇంజన్లు దాన్ని సర్దుకోగలవు. మీ సొంత సైటులో ఉన్న వెతుకు పెట్టె సర్దుకోకపోవచ్చు. ఒక ముక్కగా మార్చి పెట్టుకోవడమే మేలు.

చివరగా పొల్లు. "సూపర్‌మార్కెట్" అని విడిగా ఉండాల్సింది "సూపర్మార్కెట్" అని ఒత్తుతో కలిసిపోతుంది. మధ్యలో కనపడని విభజన అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, అది పెడితే విడిపోతుంది. స్పేస్ పెట్టి విడగొట్టకండి, లైను చివర మాట రెండుగా తెగిపోతుంది.

5. గట్టిగా చదివి సరిచూడండి

దిద్దిన మేటర్‌ను ప్రింట్ తీయండి. స్క్రీన్ మీద ప్రూఫ్ చూస్తే కన్ను తనకు తెలిసిన మాటను చదువుకుంటూ పోతుంది. ఒకరు అచ్చయిన కరపత్రం పట్టుకుని గట్టిగా చదవాలి, ఇంకొకరు కొత్త ప్రింటు మీద వేలు పెట్టి వింటూ పోవాలి. కన్వర్ట్ చేసిన మనిషి వినే స్థానంలో ఉండకూడదు. ఇది ఖచ్చితమైన నియమం. పాతకాలం ప్రెస్సుల్లో ప్రూఫ్ ఇలాగే చూసేవాళ్లు, దీనికి మించిన సాఫ్ట్‌వేర్ ఇంతవరకూ నాకు కనపడలేదు.

మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు అక్షరం అక్షరం విడదీసి చదవాలి. ఫోన్ నంబర్లు ఒక్కో అంకె పలకాలి. అడ్రసు దగ్గర ఒక నిమిషం ఆగండి. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత కరపత్రంలో బ్రాంచి ఉన్న ఊరికి పాత జిల్లా పేరే ఉండొచ్చు. మీ అంతట మీరు మార్చకుండా యజమానినే అడగండి. 08562తో మొదలయ్యే పాత ల్యాండ్‌లైన్ నంబరు ఉంటే ఫోన్ చేసి, మోగుతోందో లేదో చూడండి.

6. సైట్‌లో పెట్టండి

పేజీ భాష తెలుగు అని సెట్ చేయండి. డేటాబేస్ యూటీఎఫ్8ఎంబీ4 (డేటాబేస్‌లో యూటీఎఫ్-8 సెట్టింగు) లో ఉండాలి. సేవ్ చేయగానే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వస్తే ముందు అక్కడే చూడండి. ఫాంటు విషయంలో నా మాట వినండి: చదివే మేటర్‌కు మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ, శీర్షికలకు రామభద్ర. రామభద్రతో పేరాలు నింపితే ఎవరూ చదవరు. ఈ మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. లైనుకూ లైనుకూ మధ్య ఎడం అక్షరం సైజుకు 1.7 రెట్ల దగ్గర పెట్టండి. ఇంగ్లిష్‌కు సరిపోయే ఎడం పెడితే పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. అక్షరాల మధ్య ఖాళీ పెంచొద్దు, ఇటాలిక్ అసలే వద్దు.

ధర తక్కువ ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి తీసుకుని, వైఫై కాకుండా మొబైల్ డేటా మీద పేజీ తెరిచి చూడండి. క్లయింటు కస్టమర్లలో ఎక్కువమంది చూసేది అలాగే.

7. యజమాని సంతకం

పేజీ లింకు పంపి "చూడండి సార్" అంటే "బాగుందన్నా" అని జవాబొస్తుంది. ఆయన చూసింది రంగులు, ఫొటోలు. అందుకే పేజీలన్నీ ప్రింట్ తీసి దుకాణానికే తీసుకెళ్లండి. మొత్తం చదవమని అడగొద్దు, వ్యాపారం మధ్యలో అది జరగని పని. పేర్లు, ధరలు, ఫోన్ నంబర్లు, టైమింగ్స్, ఈ నాలుగింటినీ ముందే ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి, అవి మాత్రం చూసి ప్రతి పేజీ కింద సంతకం పెట్టమనండి. ఆ కాగితాలు ఫైల్‌లో పెట్టుకోండి.

దిద్దిన యూనికోడ్ మేటర్‌ను ఒక టెక్స్ట్ ఫైలుగా యజమానికీ, ఆయన డీటీపీ అబ్బాయికీ పంపండి. కోరల్‌డ్రా కొత్త వెర్షన్లు యూనికోడ్ తెలుగును తీసుకుంటాయి. వచ్చే పండగ కరపత్రం ఆ ఫైలు నుంచే చేయమని ఆ అబ్బాయికి నేరుగా ఫోన్ చేసి చెప్పండి.