స్క్విడ్ స్లాట్‌కి వెళ్లే ముందు ఆ స్టీల్ ట్వీజర్స్ పక్కన పెట్టండి

వారాల తరబడి ఎదురుచూస్తే స్క్విడ్ మాగ్నెటోమీటర్‌లో (అతి చిన్న అయస్కాంత సిగ్నల్‌ని కూడా కొలిచే పరికరం) స్లాట్ దొరికింది, కొలత రేపే. మీ శాంపిల్ జింక్ ఆక్సైడ్ లాంటి, మామూలుగా అయస్కాంత గుణం ఉండని పల్చటి పొర అయితే ఇది చదివి వెళ్లండి.

ముందు ఒక లెక్క. గ్రాము ఇనుము పూర్తిగా అయస్కాంతీకరణ చెందితే సుమారు 220 ఈఎంయూ (అయస్కాంత సిగ్నల్‌ని కొలిచే యూనిట్) ఇస్తుంది. పల్చటి పొరలో హిస్టరిసిస్ లూప్ (అయస్కాంత గుణానికి గుర్తుగా గ్రాఫ్‌లో వచ్చే వలయం) వచ్చిందని మనం సంబరపడే సిగ్నల్ చాలాసార్లు 0.00001 ఈఎంయూ దగ్గరే ఉంటుంది, దానికి 45 నానోగ్రాముల ఇనుము చాలు. అదంతా ఒకే రేణువుగా ఉంటే తల వెంట్రుకంత మందం కూడా ఉండదు. ఎక్స్‌ఆర్‌డీలో (శాంపిల్‌లో ఏ పదార్థాలున్నాయో ఎక్స్‌రేలతో చూసే పరీక్ష) శుభ్రంగానే ఉంది కదా అంటారేమో, అంత కొంచెం అందులో కనబడదు.

నాకూ జరిగింది. గది ఉష్ణోగ్రత దగ్గరే చక్కటి హిస్టరిసిస్ లూప్ చూసి ల్యాబ్‌లో అందరికీ స్వీట్లు పంచాను. తర్వాత అనుమానమొచ్చి పొర వేయని ఖాళీ సబ్‌స్ట్రేట్ (పొరకి ఆధారంగా ఉండే అడుగు పలక) పెట్టి చూస్తే అందులోనూ అదే లూప్! సబ్‌స్ట్రేట్ అంచున స్టీల్ ట్వీజర్స్ గీసిన సన్నటి గీత ఉంది, అంతే. పెద్దవాళ్లకీ తప్పలేదు లెండి: 2004లో హాఫ్నియం ఆక్సైడ్ పొరల్లో అయస్కాంతత్వం ఉందని నేచర్ పత్రికలో వచ్చింది, మరుసటి ఏడాదే ఇంకో బృందం స్టెయిన్‌లెస్ స్టీల్ ట్వీజర్స్‌తో పట్టుకున్నా అలాంటి సిగ్నలే వస్తుందని చూపించింది. 2001 నాటి "అయస్కాంత కార్బన్" పేపర్‌నైతే ఇనుము కల్తీ బయటపడ్డాక 2006లో వెనక్కి తీసుకున్నారు.

అందుకని ప్లాస్టిక్ లేదా సిరామిక్ ట్వీజర్సే వాడండి, సబ్‌స్ట్రేట్‌ని కోయాల్సొస్తే డైమండ్ స్క్రైబర్‌తో (వజ్రపు మొన ఉన్న గీత పరికరం) కోయండి. అంటిన ఇనుము పోయేలా పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడిగేది పొర వేయకముందే, ఎందుకంటే జింక్ ఆక్సైడ్ యాసిడ్‌లో కరిగిపోతుంది, ఆ తర్వాత కొలవడానికి ఏమీ మిగలదు. శాంపిల్‌ని పట్టి ఉంచే స్ట్రా, క్యాప్సూల్, టేపు, సిల్వర్ పేస్ట్ దేన్నీ నమ్మకుండా విడివిడిగా ఒక్కసారి కొలిచి పెట్టుకోండి. గ్రాఫ్‌లో 50 కెల్విన్ దగ్గర గుబ్బ కనిపిస్తే కొత్త ఫేజ్ (పదార్థంలో కొత్త అయస్కాంత స్థితి) అని ఎగిరి గంతేయకండి, చాంబర్‌లోకి గాలి దూరి ఆక్సిజన్ గడ్డకట్టి ఉండొచ్చు, మళ్లీ పర్జ్ చేసి (లోపలి గాలిని బయటకు పంపి) చూడండి.

ఖాళీ సబ్‌స్ట్రేట్‌ని మాత్రం శాంపిల్ పడ్డ పాట్లన్నీ పడనివ్వాలి, అదే ఫర్నేస్, అదే కడగడం, అదే చేతులు. ప్యాకెట్లోంచి అప్పుడే తీసింది కొలిస్తే లాభం లేదు.